ఐదక్షరాల చేప

మామిడి సీజన్ జోరుగా సాగుతున్న రోజులవి. మా సంఘానికి వచ్చే ఒక ట్రాలీ ఆటో డ్రైవరు ఆదివారం ఆరాధన ముగిశాక నన్ను పక్కకు పిలిచాడు. బాటసింగారం పండ్ల మార్కెట్లో సరుకు ఎక్కించుకుని కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు తోపుడు బండ్లవాళ్లకు దింపడం అతని పని. గడ్డిఅన్నారం మార్కెట్ 2021-22లో ఇక్కడికి తరలివచ్చినప్పుడు దాని వెంటే వచ్చిన హమాలీల, డ్రైవర్ల కుటుంబాల్లో అతనిదీ ఒకటి. బండి వెనక తలుపు మీద రెండు వంపు గీతల చేప స్టిక్కరు ఉంది. ఆ వారం ఒక వ్యాపారి ఆ బొమ్మ చూసి, "ఈ బండిల చేపలు తోల్తవా? నా మామిడికాయకు నీసు వాసన పడితే ఎవరు కొంటరు?" అంటూ క్రేట్లు ఎక్కించనివ్వలేదట.

"చేపలు కాదు సేట్, మా దేవుని గుర్తు" అన్నాడట ఇతను. "మీ దేవుని గుర్తు సిలువ గదా, చేప ఎక్కడిది?" అని ఆయన ఎదురడిగాడు. ఇతని దగ్గర జవాబు లేదు.

"అయ్యగారూ, బండి సెకండ్ హ్యాండ్‌ల కొన్న. స్టిక్కరు దాంతోనే వచ్చింది. మనోళ్లదే గదా అని ఉంచిన. గని అదేందో నాకే తెల్వదు. పీకెయ్యాల్నా, ఉంచాల్నా?"

నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. నా విశ్వాసం కూడా మొదట మా అమ్మ దగ్గర్నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చిందే. దాని మీద ఏ గుర్తు ఎందుకు ఉందో తెలుసుకోవడానికి నాకు సెమినరీ దాకా పోవాల్సి వచ్చింది.

అతని ప్రశ్నకు నా నోటికి వెంటనే వచ్చే జవాబు ఒకటి ఉంది. ఎన్నో ఏళ్లు సండే స్కూలు పిల్లలకూ, యువజన కూడికల్లోనూ నేను చెప్పిన కథే అది. రోమా చక్రవర్తులు క్రైస్తవులను వేటాడుతున్న కాలంలో ఇద్దరు అపరిచితులు దారిలో ఎదురవుతారు. మాటల మధ్యలో ఒకడు కాలి వేలితో ఇసుకలో ఒక వంపు గీత గీస్తాడు. ఎదుటివాడు విశ్వాసి అయితే కింద రెండో గీత కలిపి చేపను పూర్తి చేస్తాడు. కాకపోతే అదేమిటో అర్థం కాక తన దారిన తాను పోతాడు. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినే కథ ఇది.

అయితే ఒకసారి ఈ కథ చెప్పి కూర్చున్నాక, వేదాంత విద్య చదువుతున్న ఒక కుర్రాడు నా పక్కకు వచ్చి నెమ్మదిగా, "ఇది ఎవరు రాశారు అయ్యగారూ?" అని అడిగాడు. ఇంటికి వెళ్లి వెతికాను. అపొస్తలుల కార్యాల్లో లేదు. తొలి మూడు శతాబ్దాల సంఘ పితరులు చేప గురించి రాశారు, కానీ ఇసుకలో గీతల గురించి ఒక్కరూ రాయలేదు. నాలుగో శతాబ్దంలో సంఘ చరిత్ర రాసిన యూసేబియస్, హింసల సంగతులు అంత వివరంగా చెప్పినవాడు, దీన్ని ప్రస్తావించలేదు. పోలండ్ రచయిత హెన్రిక్ షెంకెవిచ్ 1895-96లో వెలువరించిన ‘కో వాదిస్’ అనే నవలలో మాత్రం నీరో కాలపు క్రైస్తవ యువతి ఒకామె ఇసుకలో చేపను గీస్తుంది. రోమా సైనికాధికారి అది చూసి తెల్లబోతాడు. ఆ నవల లోకమంతా తిరిగింది, సినిమాలుగా వచ్చింది. కానీ అందులోనూ ఆమె ఒక్కతే గీస్తుంది. చెరో గీత గీసే ముచ్చట ఇంకా తర్వాత కలిసింది. అంటే ఇన్నేళ్లు నేను పిల్లలకు చరిత్ర అని చెప్పింది చరిత్ర కాదు. ఆ కుర్రాడికి కృతజ్ఞత చెప్పాను, మనసులో కొంచెం సిగ్గుపడ్డాను.

ఇలాంటిదే ఇంకోటి కూడా ఉంది. రోములోని భూగర్భ సమాధుల్లో, అంటే కాటకోంబుల్లో, క్రైస్తవులు దాక్కుని బతికారని మనం చెప్పుకుంటాం. అవి శ్మశానాలు. వాటి జాడ ప్రభుత్వానికి తెలుసు. అక్కడ చేప బొమ్మలు ఉన్నమాట నిజమే, కానీ వాటిని గీసినవాళ్లు శత్రువు కన్ను కప్పడానికి గీయలేదు. తమవాళ్లను పాతిపెట్టిన చోట తమ నమ్మకం ఏమిటో చెప్పడానికి గీశారు.

మరి ఏమిటా నమ్మకం? గ్రీకు భాషలో చేపను ‘ఇఖ్తుస్’ అంటారు. అందులో ఐదు అక్షరాలు. మొదటిది ఇయోటా, అది ‘ఇయేసూస్’ అనే పేరుకు మొదటి అక్షరం, అంటే యేసు. రెండోది ఖీ, ‘ఖ్రిస్తోస్’, క్రీస్తు. మూడోది థీటా, ‘థెఊ’, దేవుని. నాలుగోది ఉప్సిలాన్, ‘హుఇయోస్’, కుమారుడు. పలికేటప్పుడు ముందు ‘హ’ వినిపించినా రాతలో మొదటి అక్షరం ఉప్సిలానే. ఐదోది సిగ్మా, ‘సోతేర్’, రక్షకుడు. యేసు, క్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు. ఒక పూర్తి విశ్వాస ప్రమాణం చేప అనే ఒక్క మాటలో ఇమిడింది. మన తెలుగులో ఈ మాటల మొదటి అక్షరాలు వరుసగా పేరిస్తే ‘యే క్రీ దే కు ర’ అవుతుంది. దానికి అర్థమూ లేదు, బొమ్మా రాదు. అందుకే గ్రీకు చదువుకున్నవాడు చెబితే తప్ప మన ఊళ్లలో ఈ చేప నోరు విప్పదు. మామిడి వ్యాపారి అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు.

ఈ ఐదు మాటలు ఈనాడు మనకు ఆదివారం అలవాటుగా పలికే మాటలు. ఆ రోజుల్లో అలా కాదు. ‘దేవుని కుమారుడు’ అనే బిరుదు అప్పటికే ఇంకొకరికి ఉంది. ఔగుస్తు కైసరు తన నాణేల మీద తనను తాను దైవంగా మారిన జూలియస్ సీజరు కుమారుడిగా ముద్రించుకున్నాడు. నేటి టర్కీలోని ప్రియేనె పట్టణంలో దొరికిన క్రీ.పూ. 9వ సంవత్సరం నాటి శాసనం అదే ఔగుస్తును రక్షకుడిగా కీర్తిస్తూ, ఆయన పుట్టినరోజు లోకానికి సువార్తలకు ఆరంభమని చెబుతుంది. సువార్త, రక్షకుడు, దైవ కుమారుడు ఇవన్నీ రాజాస్థానపు మాటలు. వాటిని తీసుకుపోయి, సిలువ మీద చంపబడిన ఒక నజరేతు వడ్రంగికి అంటగట్టడమంటే చిన్న సంగతి కాదు. చేపలోని ఐదు అక్షరాల్లో ఏ ఒక్కటీ ఊరకే రాలేదు.

అయితే ముందు ఈ ఐదు మాటల పొడి పుట్టి ఆ తర్వాత చేప వచ్చిందా, లేక చేప ముందునుంచీ ఉండగా ఎవరో తెలివిగలవారు అందులో ఈ మాటల్ని చదివారా? నా మట్టుకు నాకు రెండోదే సరి అనిపిస్తుంది. ఎందుకంటే సువార్తల నిండా చేపల వాసనే. ప్రభువు మొదట పిలిచిన నలుగురు పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను చేపలు పట్టేవారే. మగ్దలేనే మరియ ఊరు మగ్దలకు గ్రీకులో ఉన్న ‘తారికేయ’ అనే పేరుకు చేపలు ఉప్పువేసి నిలవచేసే చోటు అని అర్థం. బాపట్లలోనో, మచిలీపట్నంలోనో ఎండుచేపల దిబ్బల పక్కన నడిచినవారికి ఆ ఊరు ఎలా ఉండేదో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఐదు రొట్టెలు, రెండు చేపల సంగతి నలుగురు సువార్తికులూ రాశారు. యోహాను మాత్రం అక్కడ చేపకు ‘ఇఖ్తుస్’ అనే మాట వాడలేదు, ‘ఒప్సారియోన్’ అన్నాడు (యోహాను 6:9). ఆ మాటకు రొట్టెలో నంజుకునేది అని అర్థం. పేదవాడి రొట్టె గొంతు దిగడానికి పక్కన పెట్టుకునే చిన్న ముక్క. మన ఇళ్లలో అన్నంలోకి తొక్కు ఎలాగో, ఆ పిల్లవాడి మూటలో ఆ రెండు చేపలు అలాగ. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున, రాత్రంతా వలలు లాగి అలిసిపోయిన శిష్యులకు నిప్పుల మీద కాల్చి పెట్టింది కూడా ఆ ‘ఒప్సారియోనే’ (యోహాను 21:9). మరణాన్ని గెలిచి వచ్చినవాడు మొదట చేసిన పనుల్లో వంట ఒకటి. తాను భూతం కాదని నమ్మించడానికి శిష్యుల ముందు కూర్చుని కాల్చిన చేప ముక్క తిన్నాడని లూకా కూడా రాశాడు (లూకా 24:42, 43).

కాబట్టి చేప మొదట బల్ల మీది వస్తువు. రోములోని కాలిస్తు కాటకోంబులో, లూసీనా గది అనే పురాతన భాగంలో, గోడ మీద ఒక చేప, దాని ముందు రొట్టెల బుట్ట, బుట్టలో ఎర్రగా కనబడే ద్రాక్షారసం ఉన్నాయి. ప్రభురాత్రి భోజనాన్ని అంతకంటే క్లుప్తంగా గీయడం కష్టం.

చేప గురించి నాకు అన్నిటికంటే ప్రియమైన సాక్ష్యం ఒక ముసలి పాస్టరుది. పేరు అబెర్కియుస్. నేటి టర్కీలో ఫ్రుగియ ప్రాంతపు హియెరాపొలిస్ అనే చిన్న ఊరికి బిషప్పు, రెండో శతాబ్దం చివరివాడు. (లవొదికయ పక్కనున్న పెద్ద హియెరాపొలిస్ కాదిది.) డెబ్బై రెండేళ్ల వయసులో తన సమాధి రాయి మీది మాటలను తానే చెప్పి చెక్కించాడు. రోముకు వెళ్లివచ్చాడు, సిరియా తిరిగాడు, యూఫ్రటీసు దాటి నిసిబిసు దాకా పోయాడు. పోయిన ప్రతిచోటా విశ్వాసం తనకు దారి చూపించి, ఒక పెద్ద, నిర్మలమైన చేపను తినిపించిందని, రొట్టె, ద్రాక్షారసాలతో పాటు దాన్ని స్నేహితులకు పంచిపెట్టిందని ఆ రాతలో ఉంది. 1883లో స్కాట్లండ్ పండితుడు విలియమ్ రామ్సే ఆ రాతి ముక్కల్ని కనుగొన్నాడు. ఇప్పుడవి వాటికన్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీ.శ. 216 నాటి మరొక సమాధి రాయి అబెర్కియుస్ మాటల్ని కాపీ కొట్టింది, కాబట్టి ఇది అంతకంటే పాతదని తేలిపోయింది.

ఊహించుకోండి. కొత్త దేశం, తెలియని భాష, దుమ్ము పట్టిన బండి ప్రయాణం. ఎక్కడ దిగినా అదే బల్ల, అదే చేప, అవే ఐదు మాటలు. నాకు యాభై దాటాయి. ఆర్టీసీ బస్సులో సూర్యాపేట దాకా సభకు పోయివస్తేనే నడుము పట్టేస్తుంది. డెబ్బై రెండులో అబెర్కియుస్ గుర్తుపెట్టుకున్నది ప్రయాణపు కష్టం కాదు, ఎవరు తనకు అన్నం పెట్టారన్నది.

చేపకు రెండో చోటు నీళ్లు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణంలో క్రీ.శ. 200 ప్రాంతంలో తెర్తుల్లియను అనే రచయిత బాప్తిస్మం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ ఊళ్లో ఒక బోధకురాలు బాప్తిస్మం అక్కర్లేదని ప్రచారం చేస్తోంది. దానికి జవాబుగా ఆయన రాసిన పుస్తకం ఇది. మనం చిన్న చేపలం, మన ‘ఇఖ్తుస్’ క్రీస్తు వెంట నీటిలో పుట్టాం, నీటిలోనే ఉంటే బతుకుతాం అన్నది ఆయన భావం. చిన్న చేపల్ని చంపాలంటే కొట్టనక్కర్లేదు, నీళ్లలోంచి తీస్తే చాలునని ఆ బోధకురాలి మీద ఒక చురక కూడా వేశాడు. తెర్తుల్లియను నాలుక ఎప్పుడూ కొంచెం కారమే.

దాదాపు అదే కాలంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంటు అనే ఉపాధ్యాయుడు, విశ్వాసులు వేలికి పెట్టుకునే ముద్రుటుంగరం మీద ఏ బొమ్మ ఉండవచ్చో చెబుతూ పావురం, చేప, గాలికి సాగే ఓడ, వీణ, లంగరు అని సూచించాడు. చేపలు పట్టేవాడి బొమ్మ ఉంటే పేతురూ, నీళ్లలోంచి లాగబడిన పిల్లలూ గుర్తుకొస్తారన్నాడు. విగ్రహాలు, కత్తులు, మధుపాత్రలు వద్దన్నాడు. ముద్రుటుంగరం అంటే అలంకారం కాదు, ఒప్పందం మీద వేసే సంతకం. సంతకంలో చేపను పెట్టుకున్నవాడు దాన్ని దాచిపెట్టాలనుకోలేదు.

నాలుగో శతాబ్దంలో, 313లో క్రైస్తవానికి స్వేచ్ఛ వచ్చాక, సిలువ బహిరంగంగా ముందుకొచ్చింది, చేప మెల్లగా వెనక్కి తగ్గింది. అయినా అగస్టీను తన ‘దైవ నగరం’ 18వ భాగంలో దాన్ని ఇంకోసారి పైకి తీశాడు. లోతైన నీళ్లలో చేప బతికినట్టు, మరణంతో నిండిన ఈ లోకపు లోతులో క్రీస్తు పాపం లేకుండా జీవించాడని వివరించాడు. మా తీరప్రాంతపు పాస్టరు ఒకాయన దీన్నే తన భాషలో చెబుతుంటాడు. సముద్రంలో పుట్టి పెరిగినా చేప మాంసానికి ఉప్పు పట్టదు; ఉప్పు పట్టేది చచ్చాకే. ఎండుచేపలు తినేవాళ్లకు వ్యాఖ్యానం అవసరం లేదు.

1970ల్లో అమెరికాలో యువజనుల ఉజ్జీవం ఒకటి వచ్చింది. చేప మళ్లీ బయటికి వచ్చింది అప్పుడే, స్టిక్కరు రూపంలో. పాత చేపలకు ఎక్కువగా పొలుసులు, రెక్కలు, కళ్లు ఉండేవి. స్టిక్కరు చేపకు రెండు గీతలే మిగిలాయి. అదే మన కార్లకూ, బైకులకూ, చివరికి బాటసింగారం ట్రాలీ ఆటోకూ చేరింది.

మన తెలుగు సంఘాలు తమ గుర్తులుగా చేపను పెద్దగా తీసుకోలేదన్నది కూడా ఇక్కడ చెప్పాలి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన చిహ్నంలో సిలువతో పాటు తామర పువ్వును పెట్టుకుంది. మన నేలకు అది సహజం. చేప అంటే ఈ నేలలో హిందూ సోదరులకు మత్స్యావతారం గుర్తుకొస్తుంది, హైదరాబాదీలకు మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కొర్రమీను పిల్లతో ఇచ్చే చేప మందు గుర్తుకొస్తుంది. దేని మూలం దానిదే. ఒకదాన్ని ఇంకోదానికి ముడిపెట్టి పుస్తకాలు రాసేవాళ్లున్నారు, నాకు ఆ ఉత్సాహం లేదు.

కానీ తెర్తుల్లియను చెప్పిన చిన్న చేపల మాట మన తెలుగు నీళ్లలోనే అక్షరాలా జరిగిందని నేననుకుంటాను. ఒంగోలులో 1866 నుంచి పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు చాలామందికి తెలుసు. 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరువు పట్టి పీడించింది. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో చస్తున్న వేలమందికి, ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు, కూలి ఇచ్చి బతికించాడు. తట్టలు మోస్తూ, మట్టి తవ్వుతూ వాళ్లు పక్కనే బోధకుల మాటలు విన్నారు. బాప్తిస్మం అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, సహాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు ముగిశాయి. ఇక ఇచ్చేదేమీ లేదు, మీ ఊళ్లకు మీరు పొండి అన్నాక కూడా జనం వెళ్లలేదు. అప్పుడు ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసినప్పుడు మారుతూ ఇచ్చారు. క్లౌ గట్టున ఉండి చూసుకున్నాడు. లోకమంతా 2,222 అనే అంకెను గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం దానికి ముందున్న పదిహేను నెలలే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. ఈనాడు నాలాంటి పాస్టర్లు ఎందరు పదిహేను వారాలు ఆగగలరు? సంవత్సరాంతపు రిపోర్టులో అంకె చూపించాలని ఆత్రపడిన రోజులు నాకూ ఉన్నాయి.

గుండ్లకమ్మ ఒడ్డున ఎవరూ చేప బొమ్మ గీయలేదు. గ్రీకు అక్షరాలు వాళ్లకు తెలియవు, తెలుగు అక్షరాలే చాలామందికి రావు. అయినా ఐదు మాటల్లో ఒక్కటీ విడిచిపెట్టకుండా నోటితో ఒప్పుకుని నీళ్లలో దిగారు.

ఇసుకలో గీసిన రహస్య గుర్తు కథ మనకు ఎందుకంత నచ్చుతుందో ఆలోచిస్తే నాకు ఇంకో సంగతి తోచింది. మనలోనూ చాలామంది చాటుగానే ఉంటున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితుడికి షెడ్యూల్డ్ కులపు హోదా ఉండదు. ఆ ఉత్తర్వులో సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. దాంతో కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతికే కుటుంబాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. పిల్లల చదువు, ఉద్యోగం అటు, గుండెలోని ఒప్పుకోలు ఇటు. వాళ్లను పిరికివాళ్లని పుల్పిట్ మీద నుంచి తిట్టడం సులువు, నేను ఆ పని చేయను. మతం మారినంత మాత్రాన అంటరానితనం వాళ్లను వదిలిపెట్టలేదని నాకు తెలుసు. కానీ చేప దాక్కోవడానికి దొరికిన సాధనమని మాత్రం వాళ్లకు నేను చెప్పలేను, ఎందుకంటే అది అబద్ధం.

అందుకు 2005లో ఇశ్రాయేలులో బయటపడిన సాక్ష్యం ఒకటి చాలు. మెగిద్దో దగ్గర జైలు ఆవరణలో కొత్త కట్టడాల కోసం తవ్వుతుండగా, ఖైదీలు కూడా సాయపడిన ఆ తవ్వకాల్లో, క్రీ.శ. 230 ప్రాంతపు ప్రార్థనా మందిరపు నేల కనిపించింది. రంగురాళ్ల నేల మధ్యలో రెండు చేపలు. పక్కన గ్రీకు రాతలు. ఆ నేల ఖర్చు పెట్టుకున్నది గాయానుస్ అనే రోమా సైన్యాధికారి. అకెప్తూస్ అనే భక్తురాలు దేవుడైన యేసుక్రీస్తు జ్ఞాపకార్థంగా బల్లను సమర్పించిందని మరో రాత చెబుతోంది. ఇంకోచోట నలుగురు స్త్రీల పేర్లు. క్రైస్తవానికి స్వేచ్ఛ రావడానికి ఎనభై ఏళ్ల ముందు, రోమా సైనిక శిబిరం పక్కనే, ఒక శతాధిపతి తన పేరు వేయించుకుని చేపల్ని నేల మీద పరిపించాడు. దాచిన గుర్తు ఇలా ఉండదు. ఆ నేలను 2024లో వాషింగ్టన్‌కు తీసుకెళ్లి ప్రదర్శనకు పెట్టారు.

ఆ ఆదివారం ఇదంతా మా డ్రైవరుకు చెప్పలేదు. అతను లోడుకు పోవాల్సి ఉంది. ఐదు మాటలు మాత్రం చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు పలికాడు, మూడోసారి ‘కుమారుడు’ దగ్గర తడబడి నవ్వాడు. అతను మా సంఘానికి నాలుగేళ్లుగా వస్తున్నా బాప్తిస్మం తీసుకోలేదు. ఊళ్లో అన్నదమ్ములు ఏమంటారోనని వాయిదా వేస్తున్నాడు. నేనూ తొందరపెట్టలేదు. మాకు గుండ్లకమ్మ లేదు, మూసీలో దిగే పరిస్థితి లేదు. చర్చి వెనక సిమెంటు తొట్టి ఒకటి కట్టుకున్నాం. బాప్తిస్మం ఉన్నప్పుడల్లా అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ట్యాంకరు పిలిపించి నింపుతాం. ఒక్కరి కోసం ట్యాంకరు ఎందుకని నలుగురైదుగురు కూడేదాకా ఆగుతాం. ఇది చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగానే ఉంది.

వర్షాలు మొదలయ్యాక హయత్‌నగర్ దగ్గర అతను ఎదురుపడ్డాడు. బండి పక్కకు ఆపాడు. స్టిక్కరు ఉన్నచోట తెల్లటి మచ్చ మాత్రమే ఉంది.

"పీకేసినవా?" అన్నాను.

"లేదు అయ్యగారూ, అదే ఊడింది. పెయింటరుతోటి గీయిస్తున్న. కింద తెలుగుల ఐదు మాటలు రాయమన్న. అడిగినోళ్లకు చదివి చెప్పొచ్చు గదా."

"ఆ మామిడి సేటు ఏమన్నాడు?"

"చెప్పిన. మొత్తం విన్నడు. ‘సరే, గని చేపలైతే ఎక్కియ్యకు’ అన్నడు."

ఇద్దరం నవ్వుకున్నాం. బాప్తిస్మం ఊసు నేను ఎత్తలేదు. బండి స్టార్టు చేసి, కొంచెం ముందుకు పోనిచ్చి, మళ్లీ బ్రేకు వేసి తల బయటపెట్టాడు.

"అయ్యగారూ, ట్యాంకరు ఎప్పుడు పిలిపిస్తున్నరు?"